పున్నమ్మ దొంగయిన రోజు

ముందే చెబుతున్నా, చిన్నీ. ఇది నమ్మడానికి దమ్ముండాలి. మధ్యలో లేచి "ఇది నిజమేనా అమ్మమ్మా" అన్నావనుకో, అక్కడికక్కడే ఆపేసి గోడవైపు తిరిగి పడుకుంటాను. మీ మామయ్య చిన్నప్పుడు అలాగే అడిగాడు. సగం కథతోనే పెరిగి పెద్దవాడయ్యాడు. మిగతా సగం ఏమైందని ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతుంటాడు. నమ్మేవాళ్ళు దుప్పట్లో దూరండి. నమ్మనివాళ్ళు కాళ్ళు బయట పెట్టుకోండి, దోమలు చూసుకుంటాయి.

దూరావా? సరే, ఊఁ కొట్టు.

అనగనగా ఒక ఊళ్ళో మట్టికన్నా రాయి ఎక్కువ. ఆ ఊరి పేరు నల్లబండపాడు. నాగలి దించితే నిప్పురవ్వలు లేచేవి. కోడి గుడ్డు పెట్టినా, ఇది గుడ్డా రాయా అని తట్టి చూసుకుని మరీ వండుకునేవాళ్ళు. ఊరి చివర, ఏనుగులు మోకాళ్ళ మీద కూర్చున్నట్టు పెద్ద పెద్ద నల్లబండలు. వాటి మధ్య మెత్తటి నేల. పిల్లల ఆటంతా అక్కడే.

ఆ పిల్లలకి పెద్ద అచ్చాయమ్మ. అందరూ అచ్చాయి అనేవాళ్ళు. పదేళ్ళది. జడ మోకాళ్ళదాకా, నోరు పొలిమేరదాకా. సాయంత్రం బండెక్కి "ఆటకి రండోయ్" అని కేకేసిందంటే మూడూళ్ళ అవతల చింతకాయలు రాలేవి. ఆ ఊళ్ళవాళ్ళు చెట్టెక్కడం మానేసి, గంపలు పెట్టుకుని ఆ కేక కోసం ఎదురుచూసేవాళ్ళు. ఇక పరుగంటావా, అచ్చాయి ఇంటికొచ్చి అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక ఆమె నీడ రొప్పుకుంటూ వచ్చేది.

కానీ అవేవీ గొప్ప కాదు. అచ్చాయి గొప్పతనం వేరే ఉంది. సాయంత్రమైతే ఆ ఊళ్ళో ఏ పిల్లనీ ఇంట్లో ఉండనిచ్చేది కాదు. చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవాలి, రాలేను అని ఒక పిల్ల అంటే, తమ్ముణ్ణి కూడా తీసుకురా అనేది. మేకలు కాయాలి అని ఇంకో పిల్ల అంటే, మేకల్నీ తోలుకురా అనేది. ఊరికి కొత్తగా వచ్చి, ఎవరితోనూ పలక్కుండా గుమ్మం పట్టుకుని నిలబడ్డ పిల్లాడుంటే, ఆ గుమ్మం దగ్గర తనూ నిలబడేది. వాడు నవ్వేదాకా కదిలేది కాదు. వాడు మూడు రోజులు నవ్వకపోతే మూడు రోజులూ అక్కడే. వాళ్ళమ్మ ఇద్దరికీ అక్కడికే కంచాలు తెచ్చింది.

వాళ్ళాడే ఆట నేలా-బండా. నీకు తెలీదుగా, చెబుతా విను. ముందు అందరూ చేతులు కలిపి పంటలు వేస్తారు. ఒక్కొక్కళ్ళే తప్పుకుంటూ పోగా చివరికి మిగిలినవాళ్ళు దొంగ. "నేల కావాలా, బండ కావాలా" అని దొంగని అడుగుతారు. నేల అన్నారనుకో, నేలంతా దొంగది. మిగతావాళ్ళు బండల మీద ఉంటే భద్రం. అట్లాగని భద్రంగా కూర్చుంటే ఆటేముంది? దిగాలి, దొంగని ఉడికించాలి, చెయ్యి తగిలేలోపు మళ్ళీ ఎక్కాలి. తగిలితే వాళ్ళే దొంగ. బండ అన్నారనుకో, అంతా తిరగేసి.

ఆ ఊళ్ళోనే పున్నమ్మ అని ఎనిమిదేళ్ళ పిల్ల ఉండేది. పాలు తాగే వయసులో తట్టు పోసింది. తట్టు తగ్గింది కానీ పోతూ పోతూ చూపు పట్టుకుపోయింది. చూపు పోతే పోయింది, చెవులున్నాయి చూడు, అవి మామూలు చెవులు కావు. పక్కూళ్ళో చీమ తుమ్మితే ఈ పిల్ల ఇక్కడినుంచి "శతాయుష్షు" అనేది. ఎండుమిరపకాయ చెవి దగ్గర ఊపి లోపల గింజలెన్నో చెప్పేది. అరికాళ్ళు కూడా అంతే. రాయి పగటివేడిని పట్టుకునుంటుంది గదా. కాలానించి, ఇది బండ, ఇది నేల అని చెప్పేసేది.

రోజూ అచ్చాయి వచ్చి పున్నమ్మని వీపున ఎక్కించుకుని, అన్నిటికన్నా ఎత్తైన బండ మీద దించేది. "నువ్వు ఆటలో అరటిపండువి" అనేది.

అరటిపండంటే తినేది కాదు. మరీ చిన్నపిల్లలు మేమూ ఆడతామని ఏడిస్తే, పెద్దపిల్లలు వాళ్ళని అరటిపండు చేస్తారు. ఆటలో ఉన్నట్టే, లెక్కలో లేనట్టు. వాళ్ళని ఎవరూ తరమరు. ఎవరి చెయ్యి తగిలినా వాళ్ళు దొంగ కారు. కాస్త పెద్దయ్యాక లెక్కలోకి వస్తారు. పున్నమ్మ తర్వాత అరటిపండ్లయిన బుడతలు కూడా లెక్కలోకి వెళ్ళిపోయారు. పున్నమ్మ మాత్రం అరటిపండుగానే ఉండిపోయింది.

ఎవరూ చెడ్డవాళ్ళు కారు, చిన్నీ. పున్నమ్మంటే అందరికీ ప్రాణం. జామకాయ దొరికితే మొదటి కొరుకు ఆ పిల్లకే. పడుతుందేమో, దెబ్బ తగులుతుందేమో అని భయం. అంతే.

ఒకరోజు ఏసోబు దొంగ, బండ కోరుకున్నాడు. ఏసోబంటే బొద్దుగా ఉండేవాడు, కానీ ఉరికితే పెనం మీద వేసిన నీటిబొట్టే. వాడు ఎవరినో తరుముతూ వచ్చి, చూసుకోకుండా పున్నమ్మ భుజానికి తగిలాడు.

పున్నమ్మ ఒక్క గెంతు గెంతింది. మొహం దీపం పెట్టినట్టయింది. "తగిలాడు. నేను దొంగ. నేనే దొంగ" అంది.

ఏసోబు పాపం ఓదార్పుగా, "నువ్వు కాదులే పున్నీ. నువ్వు అరటిపండువి గదా. కూర్చో" అన్నాడు.

పున్నమ్మ కూర్చుంది.

ఆ మర్నాడు ఆటకి రాలేదు. అచ్చాయి వాళ్ళింటికెళ్ళింది. పున్నమ్మ గోడకి ఆనుకుని చింతగింజలతో ఆడుకుంటోంది.

"ఏమే, రావా?"

"రాను. అక్కడా కూర్చోవడమే, ఇక్కడా కూర్చోవడమే. ఇక్కడైతే నీడన్నా ఉంటుంది."

కరణాలకి బదులు చెప్పిన అచ్చాయి, ఊరి పెద్దెద్దుని గుర్రుగా చూసి వెనక్కి నడిపించిన అచ్చాయి, ఆ మాటకి తల వంచుకుంది. అప్పుడు, "రేపట్నించి నువ్వు లెక్కలో ఉంటావు" అంది.

లోపల రొట్టెలు కొడుతున్న వాళ్ళమ్మ ఆదెమ్మ ఆ మాట విని, పిండిచేతులతోనే బయటికొచ్చింది. ఆదెమ్మకి ఈ పిల్ల ఒక్కతే. మొగుడు లేడు. కూలికెళ్ళినా మనసు ఇంటి దగ్గరే ఉండేది.

"ఏ లెక్క? కళ్ళు లేని పిల్లని బండల మీద ఉరికిస్తావా? పక్కనే రాళ్ళు కొట్టిన గుంట కూడా ఉంది. ఇదిగో అచ్చాయీ, నా బిడ్డ ఒంటి మీద ఒక్క గీత కనబడిందో, ఇక వాకిలి దాటనివ్వను. మళ్ళీ నన్ను అడగొద్దు" అంది.

పున్నమ్మ చేతిలో చింతగింజలు ఆగిపోయాయి. వాళ్ళమ్మ అన్నమాట మీద నిలబడే మనిషని పున్నమ్మకి తెలుసు. ఒక్క గీత పడితే ఇక బండలూ లేవు, జామకాయలూ లేవు, సాయంత్రం కేకా లేదు. ఈ గోడ, ఈ నీడ, అంతే. అయినా లేచింది. "వస్తా" అంది.

అప్పుడు అచ్చాయి మొదటి ఉపాయం వేసింది. పున్నమ్మని దొంగని చేసి, "అందరూ కాస్త నెమ్మదిగా ఉరకండి, దొరికిపోండి" అని మిగతా పిల్లలకి సైగ చేసింది.

పున్నమ్మ దిగింది. చెయ్యి చాపితే ఒకళ్ళు దొరికారు. ఇంకో చెయ్యి చాపితే ఇంకొకళ్ళు. ఏసోబైతే తనే వచ్చి, ఆమె చేతికింద భుజం పెట్టి, "అబ్బా, దొరికిపోయా" అన్నాడు.

పున్నమ్మ వాడి ఛాతీ మీద చెవి పెట్టింది. "ఏరా ఏసోబూ, ఉరికొచ్చినోడి గుండె దడదడలాడాలి గదా. నీది నిద్రపోతోందేం?" అంది. పున్నమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది.

ఆ తర్వాత రెండో ఉపాయం. అందరూ కళ్ళకి తువ్వాళ్ళు కట్టుకోవాలి. అప్పుడు అందరూ ఒకటే గదా అని అచ్చాయి లెక్క.

ఇక చూడు. ఏడుకొండలని ఒక పొడుగాటి పిల్లాడు, గేదెని కావలించుకుని "దొరికావే అచ్చాయీ" అన్నాడు. గేదె కూడా మొహమాటపడి ఊరుకుంది. ఏసోబు నడిచి నడిచి పక్కూరి పెళ్ళిలో తేలాడు. వాళ్ళు మగపెళ్ళివారి పిల్లాడనుకుని విస్తరేశారు. లడ్డూ నోట్లో పడ్డాక గానీ, తను బండల దగ్గర లేనని వాడికి తెలియలేదు. రెండోది కూడా తిని వచ్చాడు.

పున్నమ్మ పగలబడి నవ్వింది. కానీ నవ్వుల మధ్యలో ఆమె చెవికి ఇంకో చప్పుడు తగిలింది. బుడతలు ఏడుస్తున్నారు. ఆ చీకటి వాళ్ళకి కొత్త. అమ్మ ఎటుందో, బండ ఎటుందో తెలియక నిలుచున్నచోటే వణుకుతున్నారు. అప్పుడు పున్నమ్మే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, చెయ్యి పట్టుకుని, ముడి విప్పింది. "ఇదిగో, అయిపోయింది. నేనున్నాగా" అంది.

అచ్చాయి దగ్గరికొచ్చి, "నా చీకటి నాకలవాటు. వీళ్ళని ఏడిపించి ఆడే ఆట నాకొద్దక్కా" అంది.

అప్పుడు అచ్చాయి కూర్చుంది. చిన్నీ, అచ్చాయి కూర్చోవడం ఆ ఊరు అంతకుముందు చూడలేదు. పక్షులు కూడా ఏమైందోనని కిందికి దిగాయి. "రెండుసార్లూ నేనే అనుకున్నా, నేనే చేశా. నీకేం కావాలో నిన్ను అడగనేలేదు. చెప్పు" అంది.

పున్నమ్మ చెప్పడానికి తడుముకోలేదు. ఎత్తు బండ మీద కూర్చున్నన్నాళ్ళూ అదే ఆలోచన గదా.

"బండ దిగినవాళ్ళు మోగాలి. ఎటున్నారో నాకు తెలియాలి. బండ అంచు నా కాలికి తెలియాలి. ఆ గుంట వైపు నేను పోకుండా ఏదన్నా ఉండాలి. ఇంకేం వద్దు. నన్ను చూసి ఎవరూ నెమ్మదించొద్దు."

అంతే. మర్నాడు సాయంత్రానికల్లా ఊళ్ళో ఎద్దుల మెడల్లో మువ్వలపట్టెడలు మాయమయ్యాయి. అన్నీ పిల్లల నడుములకి చేరాయి. మువ్వలు లేని ఎద్దులు సిగ్గుపడి కొట్టాల్లోంచి బయటికి రామన్నాయి. రైతులు కర్రలు పట్టుకుని వచ్చి, సంగతి విని, కర్రలు కింద పెట్టి గడ్డి తెచ్చారు. ఆ గడ్డితో పిల్లలు తాడు పేనారు. భూమికి మొలతాడు కట్టి, ఇంకా ముడి వెయ్యడానికి మిగిలేంత తాడు. దాన్ని ప్రతి బండ అంచుకీ చుట్టారు. కాలికి గడ్డి తగిలిందంటే అంచు వచ్చినట్టు. మేకలు కాసే పిల్ల తన మేకలన్నిటినీ గుంట ఒడ్డున వరసగా కట్టింది. మే మే అని వినబడితే అటు పోకూడదన్నట్టు. మేకలు కూడా కాపలా డ్యూటీ పడ్డట్టు గడ్డాలు పైకెత్తి నిలబడ్డాయి.

అప్పుడు అందరూ చేతులు కలిపారు. ఆ చేతుల్లో పున్నమ్మ చెయ్యి కూడా ఉంది. మొదటిసారి. ఒక్కొక్కళ్ళే తప్పుకుంటూ పోయారు. చివరికి పున్నమ్మ మిగిలింది. ఎవరూ తప్పించలేదు, ఎవరూ ఇరికించలేదు. పంట అలా పడింది.

"నేల కావాలా, బండ కావాలా?"

"నేల" అంది పున్నమ్మ.

పిల్లలంతా ఒక్కసారి దిగారు. ఆ మువ్వల హోరుకి, ఏదో దేవుడి ఊరేగింపు అనుకుని మబ్బులు ఆగి దారిచ్చాయి. పున్నమ్మ మాత్రం నేల మధ్యలో కదలకుండా నిలబడింది. వింది. ఇవి ఏసోబు మువ్వలు, బరువుగా పడుతున్నాయి. ఇవి ఏడుకొండలువి, ఎత్తునుంచి మోగుతున్నాయి.

ఏసోబు మీదికి దూకింది. వాడు నిజంగానే ఉరికాడు. చిక్కలేదు. బండెక్కి నాలుక బయటపెట్టి, ఆమెకి కనబడదని గుర్తొచ్చి, "నాలుక బయటపెట్టా, చూసుకో" అని అరిచి మరీ చెప్పాడు. ఆ తర్వాత ఏడుకొండలు చొక్కా గాలి చేతికి తగిలింది, వాడు తగల్లేదు.

ఆ తర్వాత పున్నమ్మకి ఒకటి తోచింది. అచ్చాయి మువ్వలు వినబడటం లేదు.

బండ మీద లేదు, ఉంటే ఆ నోరు ఊరుకోదు. నేల మీదే ఉంది, దగ్గర్లోనే. మువ్వలు గుప్పిట్లో బిగించి పట్టుకుంది. పుట్టాక ఎవరికీ దొరకని అచ్చాయికి ఈరోజు దొరుకుతానేమో అని భయం పట్టుకుంది. పున్నమ్మకి నవ్వొచ్చింది. ఊపిరి బిగబట్టి ఇంకా వింది. పట్టు పావడాకి పొడుగాటి జడ రాసుకునే చప్పుడు. సన్నగా, ఆకు మీద ఆకు జారినట్టు.

దూకింది.

ఇద్దరూ దొర్లారు. మువ్వలు తెగి నేలంతా చల్లినట్టు పడ్డాయి. పున్నమ్మ మోకాలు రాయికి గీసుకుని నెత్తురొచ్చింది.

ఇంతలో పెద్దబండ వెనకనుంచి ఆదెమ్మ లేచింది. కూలి ఎగ్గొట్టి పొద్దుట్నించీ అక్కడే దాక్కునుంది, చిన్నీ. కొంగు బిగించి ఉరికింది. ఇవాళ్టితో సరి, ఇక వాకిలి దాటనిచ్చేది లేదు అనుకుంటూ ఉరికింది. సగం దూరం వచ్చింది. అక్కడ ఆమె చెవిన పడింది పిల్లల తగువు.

"దొరికావు. నువ్వే దొంగ" అంటోంది పున్నమ్మ.

"దొరకలేదు. నీ చెయ్యి పావడాకే తగిలింది, నాకు తగల్లేదు."

"పావడా ఎవరిదే, మేకదా? మువ్వలు గుప్పిట్లో పెట్టుకుంటావా? నువ్వు తొండి."

"నువ్వే తొండి. నీ అంత తొండిపిల్లని ఈ బండల మీద నేను చూళ్ళేదు" అంది అచ్చాయి, మూతి మీది మట్టి తుడుచుకుంటూ.

"పున్నీదే తప్పు" అన్నారు సగంమంది. "కాదు, అక్కదే" అన్నారు సగంమంది. ఏసోబైతే ముందు ఒకవైపు, తర్వాత ఇంకోవైపు అరిచాడు.

ఆదెమ్మ కాళ్ళు నిలిచిపోయాయి. పుట్టిననాటినుంచీ ఆ ఊరు తన బిడ్డని ఒకే మాట అంది. పాపం. కనబడ్డవాళ్ళల్లా పాపం. తొండి అని మాత్రం ఇంతవరకూ ఏ నోరూ అనలేదు. ఇదిగో, ఇప్పుడు ఊళ్ళో పిల్లలంతా తన బిడ్డతో జుట్టూ జుట్టూ పట్టుకునేలా తగువుపడుతున్నారు. తన బిడ్డ నడుం మీద చెయ్యి పెట్టుకుని, నెత్తురు కారుతున్న సంగతి కూడా తెలియకుండా, అందరికీ బదులు చెబుతోంది.

పిల్లలు ఆదెమ్మని చూశారు. తగువు ఆగింది. పున్నమ్మ ఆ అడుగులు గుర్తుపట్టింది. అప్పుడు మోకాలు తడుముకుంది. చేతికి తడి తగిలింది. మొహం పాలిపోయింది.

అచ్చాయి ముందుకొచ్చి, "పడింది పెద్దమ్మా. నన్ను పట్టుకోబోయే పడింది. తిడితే నన్ను తిట్టు" అంది.

ఆదెమ్మ కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కొంగు చింపి కట్టు కట్టింది. ముడి బిగించింది. అందరూ ఊపిరి బిగబట్టారు. మేకలు కూడా నమలడం ఆపాయి.

లేచి, అచ్చాయి వైపు తిరిగింది ఆదెమ్మ.

"పావడా తగిలినా తగిలినట్టే. మా కాలంలో అదే లెక్క. నువ్వే దొంగ. పద, పద, పొద్దు పోతోంది" అంది.

ఆ తర్వాత ఆ ఊళ్ళో లేచిన కేక ఉంది చూడు, అది ఇప్పటికీ ఆకాశంలో ఎక్కడో తిరుగుతూనే ఉంది. వానకి ముందు ఉరుములా వినబడేది అదే. అచ్చాయి దొంగయింది. పున్నమ్మ కట్టు కట్టిన కాలితోనే బండెక్కింది. గడ్డితాడు కాలికి తగిలేదాకా వెళ్ళి, అక్కడ నిలబడి, "రావే అచ్చాయీ, నన్ను పట్టుకో చూద్దాం" అంది. అచ్చాయి నిజంగానే ఉరికింది. ఒక్కరవ్వ కూడా నెమ్మదించలేదు.

ఇక కళ్ళు మూసుకో. నాతో పాటు అను.

బండ బండా వెచ్చన, నేల నేలా చల్లన,
మువ్వ మోగే దారిలో ముందడుగు మెల్లన,
ఉన్నవాళ్ళూ వచ్చినోళ్ళూ అందరొక్క జట్టు,
పడ్డవాళ్ళ మోకాలికి పమిటకొంగు కట్టు,
కథ చేరె కంచికి, నువ్వు చేరు మంచానికి.

ఏంటా నవ్వు? నమ్మలేదూ? అయితే పొద్దున్నే వెళ్ళి అడుగు. ఆ సాయంత్రం గాజులమూట పక్కన దించుకుని ఆటంతా కళ్ళారా చూసిన మనిషి, తగువు తేలాక దొంగకీ, దొంగని పట్టుకున్న పిల్లకీ చెరో డజను మట్టిగాజులు ఊరికే తొడిగిన మనిషి, ఇప్పటికీ మన సంత వీధి మలుపులోనే ఉంటుంది. పేరు గాజుల మీరాబీ.